పావురం తిరిగొచ్చిన మట్టి పలక

రాబర్ట్ రెడీ ఊళ్లో లేడు. జార్జ్ స్మిత్‌కి కాలు నిలవడం లేదు.

1872 నవంబరు. లండన్‌లో పొగమంచు రోజులు. అగ్ని భయంతో బ్రిటిష్ మ్యూజియంలో గ్యాస్ దీపాలు వెలిగించనివ్వరు. కిటికీలోంచి వచ్చే పగటి వెలుతురే దిక్కు. ఆ వెలుతురులో, బల్ల మీద, 15 సెంటీమీటర్ల పొడవూ 13 సెంటీమీటర్ల వెడల్పూ ఉన్న మట్టి పలక ముక్క ఒకటుంది. దాని నిండా క్యూనిఫారం రాత. కొంత భాగం చక్కగా కనిపిస్తోంది. మిగతా భాగాన్ని సున్నం లాంటి తెల్లటి పెచ్చు కప్పేసింది. కనిపించినంత మేరా స్మిత్ చదివాడు. ఒక ఓడ. అది వెళ్లి ఒక కొండ మీద ఆగింది. ఓడలోని మనిషి ఒక పావురాన్ని వదిలాడు. వాలడానికి చోటు దొరక్క పావురం తిరిగొచ్చింది.

అంతే. ఆ తరవాతేమిటో పెచ్చు కింద ఉంది.

అక్షరం చెదరకుండా ఆ పెచ్చు తీయగల పనితనం మ్యూజియంలో రెడీకే ఉంది. ఆయన సొంత పని మీద కొద్దిరోజులు ఎక్కడికో వెళ్లాడు. స్మిత్ అసలే సున్నితమైన మనిషి, ఇట్టే కంగారుపడే స్వభావం. ఆ రోజులు అతనికి ఎలా గడిచాయో ఊహించుకోవలసిందే. ఆ కాలపు ఇంగ్లండులో ఏ పిల్లవాణ్ణి అడిగినా ఆ పావురం ఎవరిదో చెబుతాడు. అది నోవహు ఓడలోంచి ఎగిరిన పావురం. మరి అది నీనెవే శిథిలాల్లోకి, ఒక అస్సీరియా రాజు గ్రంథాలయంలోకి ఎలా వచ్చింది?

రెడీ వచ్చాడు. పెచ్చు తీశాడు. స్మిత్ పలక అందుకుని చదివాడు. రెండువేల ఏళ్ల పైచిలుకు మరుపులో పడి ఉన్న ఈ మాటలు చదివిన మొదటి మనిషిని నేనే అన్నాడు. పలకను బల్ల మీద పెట్టి, లేచి గదంతా పరుగులు తీశాడు. చుట్టూ ఉన్నవాళ్లు నివ్వెరపోయి చూస్తుండగా ఒంటి మీది బట్టలు విప్పడం మొదలుపెట్టాడు.

ఈ ఘట్టాన్ని రాసిపెట్టినవాడు వాలిస్ బడ్జ్. అదే మ్యూజియంలో తరవాతి తరం అధికారి. ఆ రోజు ఆయన ఆ గదిలో లేడు. 1925లో అచ్చయిన తన పుస్తకంలో పాతవాళ్ల నోట విన్నది విన్నట్టు రాశాడు. కాబట్టి కొంత పెంపు ఉండవచ్చు. అయినా ఆ పరుగును నేను నమ్ముతాను. దాని వెనక పద్దెనిమిదేళ్ల ఆకలి ఉంది.

స్మిత్ 1840 మార్చి 26న లండన్‌లోని చెల్సీలో ఒక శ్రామిక కుటుంబంలో పుట్టాడు. పద్నాలుగో ఏట బడి మానిపించి, బ్రాడ్‌బరీ అండ్ ఎవాన్స్ అనే ముద్రణ సంస్థలో కరెన్సీ నోట్ల అచ్చుదిమ్మెలు చెక్కే పనిలో అప్రెంటిస్‌గా పెట్టారు. లోహపు పలక మీద వెంట్రుకంత సన్నటి గీతలు. ఒక గీత వంపు తేడా వస్తే నోటు పనికిరాదు. రోజంతా ఆ గీతల మీద కన్ను పెట్టి కూర్చునే కుర్రాడు, భోజనాల వేళ కాగానే లేచి నడక అందుకునేవాడు. ఫ్లీట్ స్ట్రీట్ దగ్గరి నుంచి మ్యూజియం దాకా. అక్కడ అద్దాల బీరువాల్లో నీనెవే నుంచి వచ్చిన మట్టి పలకలుండేవి. చూసి మళ్లీ పనికి వచ్చేసేవాడు. జీతంలో మిగిలిన డబ్బు పుస్తకాలకు పోయేది.

ఆ రాత చదవడం అప్పటికింకా పండితులకే కొత్త. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసిన హెన్రీ రాలిన్‌సన్ ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ ఎక్కి, దరియస్ చక్రవర్తి మూడు భాషల్లో చెక్కించిన శాసనానికి నకలు తీశాడు. ఐర్లండులో ఎడ్వర్డ్ హింక్స్ అనే చర్చి గురువు ఇంట్లో కూర్చునే ఆ లిపి ముడులు విప్పాడు. చదివామంటున్నది నిజమేనా అని జనం అనుమానపడితే, 1857లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఒకే శాసనాన్ని నలుగురికి విడివిడిగా ఇచ్చి, వాళ్ల అనువాదాలను సీలు వేసిన కవర్లలో తెప్పించుకుంది. విప్పి చూస్తే నాలుగూ ముఖ్యమైన విషయాల్లో కలిశాయి. అప్పటికి స్మిత్‌కి పదిహేడేళ్లు. అచ్చుదిమ్మెలు చెక్కుతున్నాడు.

బీరువాల ముందు రోజూ నిలబడే ఈ కుర్రాణ్ణి గమనించినవాడు ప్రాచ్య పురావస్తువుల అధిపతి శామ్యూల్ బర్చ్. మాట కలిపితే తెలిసింది, ఈ పనివాడికి ఆ రాత చదవడం వచ్చు. బర్చ్ రాలిన్‌సన్‌కి చెప్పాడు. మొదట ముక్కలు ఏరి జతచేసే చిన్న పని ఇచ్చారు. 1866లో, ఇశ్రాయేలు రాజు యెహూ అస్సీరియాకు కప్పం కట్టిన సంవత్సరాన్ని స్మిత్ తేల్చాడు. మరుసటి ఏడాది మ్యూజియంలో అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి మెట్లు ఎక్కని మనిషి. కానీ వేల ముక్కల్లోంచి ఇది దీని పక్కది అని గుర్తుపట్టడంలో అతణ్ణి మించినవాడు లేడు. నోట్ల గీతలు నేర్పిన కన్ను అది అని నా నమ్మకం. విశ్వవిద్యాలయం ఇచ్చే చదువు వేరు, ఆ కన్ను వేరు.

ఇక ఆ పలక సంగతి.

దాన్ని రాయించినవాడు అషుర్‌బనిపాల్, క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దపు అస్సీరియా చక్రవర్తి. రాజధాని నీనెవే, ఇప్పటి ఇరాక్‌లో మోసుల్‌కి ఎదురుగా టైగ్రిస్ నది తూర్పు ఒడ్డున ఉంది. యుద్ధాల్లో ఎంత క్రూరుడో, చదువంటే అంత పిచ్చి. తనకు చదవడం వచ్చని, ప్రళయానికి ముందు కాలపు రాతి శాసనాలు కూడా పరిశీలించానని శాసనాల్లో చెప్పుకున్నాడు. కోట గోడల మీద సింహాల వేట శిల్పాల్లో ఆయన నడుముకు రాసే పుల్ల దోపుకుని కనిపిస్తాడు. సింహం మీదికి వెళుతూ కూడా పుల్ల తీయలేదు! బాబిలోనియాలోని బోర్సిప్పా పట్టణానికి మనుషుల్ని పంపి, ఇళ్లలోనూ గుళ్లలోనూ ఉన్న పలకలు తెమ్మని ఆజ్ఞలు రాయించాడు. కొన్ని అసలు ప్రతులు వచ్చాయి, కొన్నింటికి నకళ్లు రాయించారు. పచ్చి మట్టిని అరచేత్తో చదును చేసి, రెల్లు పుల్ల చివరతో నొక్కి నొక్కి రాసిన ఆ లేఖకుల్లో మన పలక రాసినవాడి పేరు మనకు దక్కలేదు. వాడి చేతి పొందిక మాత్రం దక్కింది. పంక్తులు అంత తిన్నగా ఉంటాయి.

క్రీస్తుపూర్వం 612లో బాబిలోనియన్లు, మీడులు కలిసి నీనెవేని కొల్లగొట్టి తగలబెట్టారు. తోలు మీద, మైనపు పలకల మీద రాసినవన్నీ పోయాయి. మట్టివి కాలి గట్టిపడ్డాయి. పైకప్పులు కూలి వాటిని పాతేశాయి. మన తాళపత్రాలు ఎన్ని చెదలకూ తేమకూ నిప్పుకూ పోయాయో తెలిసిన తెలుగువాడికి ఈ మాట చదివితే మనసు చివుక్కుమంటుంది.

ఆ పాతరను తవ్వి తీసినవాళ్లలో హోర్ముజ్ద్ రస్సామ్‌ను మరిచిపోకూడదు. మోసుల్‌లోనే పుట్టిన అస్సీరియన్ క్రైస్తవుడు. ఇంగ్లీషు తవ్వకాల పెద్ద ఆస్టెన్ హెన్రీ లేయార్డ్ దగ్గర కుర్రతనంలోనే సహాయకుడిగా చేరాడు. లేయార్డ్ నీనెవే దిబ్బలో ఒక కోట, అందులో గదుల నిండా పలకలు బయటికి తీసి స్వదేశం వెళ్లిపోయాక, పని రస్సామ్ చేతికి వచ్చింది. దిబ్బ ఉత్తర భాగం ఫ్రెంచివాళ్ల వంతు అని ఒప్పందం. అక్కడే ఏదో ఉందని రస్సామ్ మనసు చెబుతోంది. 1853 డిసెంబరులో, నమ్మకమైన కొద్దిమంది కూలీలతో రాత్రిపూట తవ్వకం మొదలుపెట్టాడు. చలి. కింద ఊళ్లో ఎవరికీ తెలియకూడదు. పగలు మామూలు మొహాలతో తిరగాలి. కొన్ని రాత్రులు గడిచాక ఒక మట్టిగట్టు విరిగిపడింది. వెనక నుంచి రథమెక్కిన రాజు తొంగిచూశాడు. అషుర్‌బనిపాల్ కోట అది. సింహాల వేట గోడలు అక్కడివే. అదే గది నేల మీద మళ్లీ పలకలు, వేల ముక్కలు.

ఒప్పందాన్ని దాటాడన్నది నిజం. అయితే ఇంగ్లండు పేరున జరిగిన ఆ తవ్వకాల్లో ఆ నేల మనిషి చేసిన పని ఎంతదో ఇంగ్లండు చాలాకాలం ఒప్పుకోలేదన్నదీ నిజమే. పొగడ్త లేయార్డ్‌కి, రాలిన్‌సన్‌కి దక్కింది. తరవాత్తరవాత బడ్జ్ తన మీద వేసిన నిందలు భరించలేక రస్సామ్ 1893లో లండన్ కోర్టులో పరువునష్టం దావా వేసి గెలిచాడు. నష్టపరిహారం 50 పౌన్లు. ఇక చలిలో గడ్డపార పట్టిన కూలీల పేర్లయితే ఏ మ్యూజియం చీటీ మీదా కనబడవు.

ముక్కల్ని పెట్టెల్లోకి ఎత్తారు. దారిలో ఇంకా విరిగాయి. రెండు కోటల పలకలు కలగాపులగమయ్యాయి. చింపి గాలికి వదిలిన ఉత్తరాలన్నీ ఒకే సంచిలో పోసినట్టు ఆ పెట్టెలు లండన్ చేరి, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. స్మిత్ వచ్చి వాటి ముందు కూర్చునేదాకా.

1872 డిసెంబరు 3. బైబిల్ పురావస్తు సంఘం సమావేశం. ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ వచ్చి కూర్చున్నాడు. ముప్ఫై రెండేళ్ల మాజీ చెక్కుడు పనివాడు లేచి, కాగితాలు సర్దుకుని చదవసాగాడు.

గిల్గమేష్ ఉరుక్ నగరపు రాజు. (క్యూనిఫారంలో ఆ పేరు పలకడం స్మిత్‌కి ఇంకా తెలియదు, ఇజ్దుబార్ అని చదివాడు.) ప్రాణమిత్రుడు ఎన్కిడు చనిపోయాడు. ఆ శవం పక్కన కూర్చున్నప్పుడు రాజుకు మొదటిసారి తన చావు గుర్తొచ్చింది. చావులేని మనిషి ఒక్కడున్నాడని విని, సముద్రాలు దాటి అతని దగ్గరికి వెళ్లాడు. అతను ఉత్నపిష్తిమ్. నువ్వెలా బతికిపోయావని అడిగితే అతను చెప్పిన కథే ఈ పలక.

దేవతలు లోకాన్ని నీట ముంచాలని ఒట్టు పెట్టుకున్నారు. ఆ రహస్యం మనుషులకు చెప్పకూడదు. ఎయా దేవుడికి మనసొప్పలేదు. మనిషికి చెప్పకుండా, అతని ఇంటి రెల్లు గోడకు చెప్పాడు. గోడా, విను. ఇల్లు పీకి ఓడ కట్టు. ఉన్నదంతా వదిలి ప్రాణం దక్కించుకో. గోడ అవతల ఉన్నవాడు విన్నాడు. ఓడ కట్టాడు. తనవాళ్లనూ, పశువులనూ, పనివాళ్లనూ ఎక్కించాడు. గాలివాన వచ్చింది. దాన్ని చూసి దేవతలే భయపడి ఆకాశపు అంచుకు పారిపోయి కుక్కల్లా ముడుచుకున్నారు. నేను కన్న జనమే గదా చేపపిల్లల్లా సముద్రం నింపుతున్నారని దేవత గొల్లుమంది. ఏడోనాటికి తెరిపి ఇచ్చింది. అతను కిటికీ తెరిచాడు. మొహం మీద వెలుగు పడింది. బయట సద్దు లేదు. మనుషులందరూ తిరిగి మట్టి అయిపోయారు. మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. తరవాత పావురాన్ని వదిలాడు, తిరిగొచ్చింది. వానకోవెలను వదిలాడు, అదీ తిరిగొచ్చింది. కాకిని వదిలాడు. నీళ్లు తీస్తున్నాయి, అది తింటూ తిరుగుతూ ఉండిపోయింది.

ఇందులో నన్ను పట్టి ఆపేది ఆ ఏడుపు. ఆదికాండంలో నోవహు బలిపీఠం కడతాడు, ఏడ్చినట్టు లేదు. శతపథ బ్రాహ్మణంలో మనువు చేపను పెంచి, అది చెప్పినట్టు ఓడ కట్టి దక్కుతాడు. మన పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో సత్యవ్రతుడు మత్స్యమూర్తిని నమ్మి ఒడ్డున పడతాడు. బతికి బయటపడిన ఆనందం కన్నా, పోయినవాళ్ల కోసం దుఃఖం ముందు రావడం ఈ మట్టి పలకలో ఉంది. నలభై మంది చచ్చిన ఇంట్లో ఒక్కడు మిగిలితే ఏం చేస్తాడో ఆ కవికి తెలుసు. రెండు నదుల మధ్య ఏటేటా వరదలు చూసినవాళ్ల కథ ఇది.

సభ ఉర్రూతలూగింది. బైబిల్ నిజమని తేలిందని కొందరు, బైబిల్ కన్నా పాత కథ ఉందని తేలింది గనక బైబిలే అరువు తెచ్చుకుందని కొందరు. పత్రికల నిండా ఇదే గొడవ. స్మిత్ మాత్రం ఇంకో మాట చెప్పాడు. కథలో ఖాళీలున్నాయి. మిగతా ముక్కలు నీనెవే దిబ్బలోనే ఉండాలి.

డైలీ టెలిగ్రాఫ్ పత్రిక ముందుకొచ్చింది. స్మిత్ స్వయంగా వెళ్లి వెతికితే 1,000 గినీలు ఖర్చు పెడతామంది. ఆ ఏర్పాటు వెనక ఉన్నవాడు ఆ పత్రికలోని ఎడ్విన్ ఆర్నాల్డ్. అంతకు ముందు పుణె కళాశాలలో ప్రిన్సిపాలుగా ఉండి వెళ్లినవాడు. తరవాత ‘లైట్ ఆఫ్ ఏషియా’ రాసినవాడూ ఆయనే. తిరుపతి వెంకట కవుల బుద్ధచరిత్రకు మూలం ఆ కావ్యం. అలా నీనెవే మట్టికీ తెలుగు పద్యానికీ మధ్య ఒక మనిషి నిలబడ్డాడు.

1873 జనవరిలో స్మిత్ బయల్దేరాడు. తూర్పు దేశాల మొహం ఎరగనివాడు. తుర్కీ ప్రభుత్వ అనుమతి పత్రం కోసం నెలలు ఎదురుచూశాడు. మే నెలలో నీనెవే దిబ్బ మీద పలుగు దిగింది. పాత తవ్వకాల గుంతలు కూలి, కోటంతా రాళ్లూ మట్టీ కలిసిన గుట్టగా ఉంది. కూలీలు తట్టలతో మట్టి తోడుతున్నారు, ముక్కలు ఏరి పక్కన పోస్తున్నారు. మే 14న ఆ రోజు దొరికిన ముక్కలు ముందేసుకుని, ఒక్కొక్కటి మట్టి దులుపుతూ చదవడం మొదలుపెట్టాడు. ఒక ముక్క మీద చెయ్యి ఆగింది. పదిహేడు పంక్తులు. ఓడ కట్టమని, దాని నిండా ఏం ఎక్కించాలో చెబుతున్న ఆజ్ఞ! తన పలకలో ఖాళీ ఉన్న సరిగ్గా ఆ చోటుకు.

లండన్‌కి తంతి వెళ్లింది. పత్రికకు కావలసింది దొరికింది. పత్రికలో అచ్చయిన ఆ తంతిలో, తవ్వకాల కాలం ముగుస్తోందనే మాట తాను రాయకుండానే చేరిందని స్మిత్ తరవాత రాశాడు. పని ఆపి తిరిగి రావలసి వచ్చింది. నిండా నెల తవ్వాడో లేదో. తిరుగు దారిలో ఓడరేవు కస్టమ్స్‌వాళ్లు ముక్కలన్నీ పట్టుకున్నారు. ఇంగ్లండు రాయబారి కలగజేసుకుంటే గానీ వదల్లేదు.

ఆ పదిహేడు పంక్తుల ముక్క ఇప్పుడు మ్యూజియంలో డీటీ 42. పత్రిక పేరులోని అక్షరాలతోనే ఆ సేకరణకు గుర్తు పెట్టారు. తరవాతి పండితులు తేల్చిందేమిటంటే, అది గిల్గమేష్ కథలోది కాదు. అత్రహసిస్ అనే ఇంకా పాత ప్రళయ కథలోది. స్మిత్ వెతికిన ముక్క కాదు, కానీ వెతకని ఇంకో కావ్యం దొరికింది. ప్రళయ కథ ఒక్కటి కాదని, తరతరాలుగా చెప్పుకుంటూ తిరగరాసుకుంటూ వచ్చారని ఆ ముక్కే సాక్ష్యం చెబుతుంది.

స్మిత్ మరోసారి వెళ్లాడు. 1876లో మ్యూజియం మూడోసారి పంపింది. ఆ ఏడు అటు ప్లేగు. బాగ్దాద్‌లో వర్తకుల దగ్గర రెండువేలకు పైగా పలకలు కొన్నాడు. ఎగిబి అనే బాబిలోనియా వ్యాపార కుటుంబపు లెక్కలు, అప్పు పత్రాలు. నీనెవేలో తవ్వడానికి కాలం కలిసిరాలేదు. మండువేసవిలో సిరియా ఎడారి దారిన తిరుగు ప్రయాణం కట్టాడు. అలెప్పోకి ఇంకా దూరం ఉండగానే ఒక పల్లెలో రక్తవిరేచనాలతో పడిపోయాడు. ఆ స్థితిలోనూ నోటు పుస్తకంలో పెన్సిలుతో రాస్తూనే ఉన్నాడు. తన సేకరణలో చేయవలసిన పని ఎంతో ఉందని, తానే చేద్దామనుకున్నానని, ఇక తన పలకలూ రాతలూ విద్యార్థులందరికీ అందుబాటులో ఉంచమని కోరాడు. చావుకు భయపడను గానీ నా కుటుంబం కోసం బతకాలని ఉందన్నాడు. తన విధి తాను సంపూర్ణంగా నెరవేర్చానన్నాడు. అలెప్పోకి మోసుకొచ్చారు. 1876 ఆగస్టు 19న పోయాడు. ముప్ఫై ఆరేళ్లు. భార్య మేరీకి, పిల్లలకు ప్రభుత్వం ఏడాదికి 150 పౌన్ల భరణం ఇచ్చింది.

పలక ఇప్పుడు మ్యూజియం 55వ గదిలో ఉంది. దాని బంధువులు ఇంకా దొరుకుతూనే ఉన్నారు. అదే మ్యూజియం క్యూరేటరు ఇర్వింగ్ ఫింకెల్ 2014లో ప్రకటించిన ఒక పాత బాబిలోనియా పలకలో ఓడ గుండ్రంగా ఉంటుంది. తాళ్లు చుట్టలు చుట్టి అల్లి, తారు పూసిన పెద్ద పుట్టి. కృష్ణలో, తుంగభద్రలో మన జాలరులు తిప్పే పుట్టే, 70 మీటర్ల అడ్డకొలతతో! ఆ లెక్కల ప్రకారం చిన్న నమూనా ఒకటి కేరళలో కట్టి నీటి మీద వదిలారు కూడా.

2003లో బాగ్దాద్ మ్యూజియం దోపిడీకి గురయ్యాక ఇరాక్ దిబ్బల్లోంచి ఎన్ని పలకలు దొంగదారిన పోయాయో. వాటిని వెనక్కి రప్పించడానికి ఇరాక్ కుర్దిస్తాన్‌లోని సులేమానియా మ్యూజియం ఒక దారి పట్టింది. దొంగ వర్తకులకే డబ్బిచ్చి కొని, దేశం దాటకుండా ఆపడం. అందులో తప్పొప్పులు వాదించవచ్చు. ఊళ్లోవాళ్లు ఊళ్లో ఆస్తి కాపాడుకున్న పద్ధతి గనక నేను వాళ్ల పక్షమే. 2011లో అలా కొన్నవాటిలో ఒకదాన్ని ఇరాక్ పండితుడు ఫారూఖ్ అల్-రావి గుర్తుపట్టాడు. గిల్గమేష్ కావ్యం అయిదో పలక. ఆయనా, లండన్ ఆచార్యుడు ఆండ్రూ జార్జ్ కలిసి 2014లో ప్రచురించారు. దేవదారు అడవిలోకి మిత్రులిద్దరూ అడుగుపెట్టినప్పుడు ఏం విన్నారో అంతకుముందు తెలియదు. ఇప్పుడు తెలుసు. పక్షులు, కీచురాళ్లు, చెట్ల మీద కోతులు, అందరూ అడవి కాపరి హుంబాబాకి సంగీతం వినిపిస్తున్నారు. ఇద్దరూ కలిసి హుంబాబాని చంపారు. చెట్లు కొట్టారు. అడవిని బీడు చేసేశామే, దేవుడికేం జవాబు చెబుతామని ఎన్కిడు మిత్రుణ్ణి అడిగిన మాట కూడా ఈ పలక వల్లే తేటపడింది. ఆ పలకను సులేమానియాలో చూడవచ్చు.